గృహయంత్ర పరిచయము: కారు ఇంజను కట్టుబడి

గడచిన నెలలో ఈ శీర్షికక్రింద మేము ఫ్రిజ్జును గూర్చి వ్రాసియుంటిమి. ఈ నెలకు విషయమేదియని యాలోచించుచుండగా నెల్లూరునుండి యొక సోదరి వ్రాసిన యుత్తరము మాకు చేఱినది. వారి యింట నాలుగు సిలిండర్ల కారొకటి కలదట. దానిని రెండేండ్లక్రిందట వేఱొకరియొద్ద కొన్నారట. ఇటీవల పిల్లలతో ప్రయాణము చేయుచుండగా నడిత్రోవలో ఇంజను ఉన్నట్టుండి యాగిపోయినది. పొగ లేదు, పెద్ద చప్పుడు లేదు. కారును త్రాడుకట్టి లాగించుకొని షెడ్డునకు చేర్చగా, అచ్చటి మేస్త్రి విప్పి చూచి, "అమ్మా! టైమింగు బెల్టు తెగినది, వాల్వులు వంగినవి, హెడ్డు దింపవలెను" అని చెప్పి, పెద్దమ్మాయి కాలేజీ జీతమునకై దాచిన సొమ్మంతయు పెట్టినను చాలనంత లెక్క వ్రాసి యిచ్చినాడట.

ఆ సోదరి మమ్మడిగిన ప్రశ్న యిది: "తెగినది రబ్బరు బెల్టు. వంగినవి ఉక్కు వాల్వులు. రబ్బరు తెగినంతమాత్రమున ఉక్కేల వంగవలెను? మేము మోసపోయితిమా? ఇంటిలో నడిగితిని. ఇవి నీకు తెలియు సంగతులు కావని నవ్వినారు."

ఇది నవ్వదగిన ప్రశ్న కాదు. నవ్వినవారికి దీని సమాధానము తెలిసియుండునని మేము తలంపము. ఇంజను ఎట్లు కట్టబడినదో ఎఱిగినవారికి గాని యిది బోధపడదు. ఎఱిగినవారికి మాత్రము బియ్యమేఱినంత సులభముగా తేటపడును. కావున ఆ కట్టుబడిని మొదటినుండి చెప్పుచు, ఆ సోదరి ప్రశ్న యెచ్చట తగులునో అచ్చట సమాధానమిచ్చెదము.

త్రొక్కుడు మిషను చెప్పు పాఠము

మన యిండ్లలోని పాత త్రొక్కుడు కుట్టుమిషనును తలచుకొనుడు. క్రిందనున్న పలకను పాదములతో త్రొక్కినపుడు అది పైకి క్రిందికి ఊగును. ఆ పలకనుండి యొక కడ్డీ బయలుదేఱి చక్రముయొక్క వంకరయిరుసునకు తగులుకొనియుండును. పలక ఊగుటచే చక్రము గుండ్రముగా తిరుగును. పైకి క్రిందికి పోవు చలనమును గుండ్రని చలనముగా మార్చు ఉపాయమంతయు ఆ వంకరయిరుసులోనే యున్నది.

కారు ఇంజనులోను ఇదియే ఉపాయము. అచ్చట పాదమునకు బదులు మండుచున్న వాయువు త్రొక్కును. త్రొక్కబడునది పిస్టను. పిస్టనునుండి బయలుదేఱు కడ్డీ కనెక్టింగ్ రాడ్డు. వంకరలు గల యిరుసు క్రాంకుషాఫ్టు. దాని కొననుండు బరువైన చక్రము ఫ్లైవీలు. కుట్టుమిషనులో పాదము త్రొక్కని క్షణమునందును చక్రము తన వేగముచేతనే తిరిగి, పలకను మరల పైకి తెచ్చునుగదా. ఫ్లైవీలు చేయు పనియు అట్టిదే.

బ్లాకు, పిస్టను, రింగులు

ఇంజనుకు పునాదియు గోడయు అనదగినది బ్లాకు. పోతయినుముతోగాని, అల్యూమినియపు మిశ్రలోహముతోగాని పోతపోసిన దిమ్మ యిది. అందు నిలువుగా నాలుగు గుండ్రని గుంటలు వరుసగా తొలచబడియుండును. ఇవియే సిలిండర్లు. సిలిండర్ల చుట్టును బ్లాకులోపల నీరు ప్రవహించుటకు అఱలు విడువబడును.

మన దేశములో 1993 సంవత్సరమున వచ్చిన మారుతీ జెన్ కారును ఉదాహరణముగా తీసికొందము. దాని యింజనులో బ్లాకు, హెడ్డు రెండును అల్యూమినియపు మిశ్రలోహముతో చేసినవే. ఒక్కొక్క సిలిండరు వెడల్పు 72 మిల్లీమీటర్లు. పిస్టను దిగు లోతు 61 మిల్లీమీటర్లు. ఈ కొలతలతో లెక్కవేసిన ఒక్కొక్క సిలిండరులో పట్టునది సుమారు 248 ఘనపు సెంటీమీటర్లు. అనగా ఒక మంచినీళ్ళ గ్లాసెడు. నాలుగును కలసి 993. "వేయి సీసీ కారు" అని వాడుకలో ననునది యీ లెక్కయే. నాలుగు గ్లాసులు పట్టుచోట పుట్టిన బలము అయిదుగురిని, వారి సామానును కనుమదారులమీదికి ఎక్కించుచున్నది.

సిలిండరు లోపలి గోడను అద్దమువలె నున్నగా చేయుదురని అనుకొందుముగాని యట్లు చేయరు. తొలచిన పిమ్మట సన్నని గీతలు ఒకదానికొకటి అడ్డముగా పడునట్లు సానపట్టుదురు. తిరుగలి నునుపెక్కినపుడు మనము కక్కు కొట్టించుట లేదా? అచ్చట గింజ పట్టుకొనుటకు కక్కు. ఇచ్చట నూనె పట్టుకొనుటకు గీతలు.

పిస్టను అల్యూమినియపు మిశ్రలోహముతో చేసిన, తలక్రిందులుగా బోర్లించిన గ్లాసువంటి వస్తువు. ఇది సిలిండరులో బిగువుగా పట్టదు. వేడికి ఉబ్బుటకు కొంచెము చోటు విడువబడును. ఆ సందును మూయుటకై పిస్టను చుట్టును గాళ్ళు తొలచి సాధారణముగా మూడు రింగులను తొడుగుదురు. పై రెండును మండిన వాయువు క్రిందికి జాఱకుండ కాపాడును. క్రిందిది గోడమీది నూనెను గీచి క్రిందికి దించును. ఈ రింగులుగాని, గోడగాని అరిగినచో నూనె పైకెక్కి మండి, వెనుక గొట్టమునుండి నీలిపొగ వచ్చును. షెడ్డువారు "ఇంజను బోరుకు వచ్చినది" అనుట యీ స్థితినే. సిలిండర్లను మరల తొలచి, కొంచెము పెద్ద పిస్టనులను వేయవలసివచ్చునని దాని యర్థము.

క్రాంకుషాఫ్టు బ్లాకు అడుగున పండుకొనియుండును. దానిని సాధారణముగా అయిదుచోట్ల బేరింగు చిప్పలు పట్టియుంచును. తిరుగునపుడు క్రాంకుషాఫ్టు ఆ చిప్పలను తాకదు. పంపు నెట్టిన నూనె నడుమ జొరబడి, తలవెండ్రుకకంటె పలుచని పొరగా నిలిచి, దానిని తేల్చియుంచును. ఆ పొర ఆఱిపోయిన లోహము లోహమును రాచి, కొలది నిమిషములలోనే చిప్పలు కరగి పట్టివేయును.

నాలుగు పనులు, నాలుగు వంతులు

పిస్టను నాలుగు పోకలలో నాలుగు పనులు చేయును. మొదట క్రిందికి దిగుచు గాలిని, పెట్రోలు తుంపరలను పీల్చును. రెండవమాఱు పైకెక్కుచు దానిని ఇంచుమించు తొమ్మిదవ పదవ వంతు చోటులోనికి అదుమును. అంతట స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ విడువగా ఆ వాయువు మండి పిస్టనును క్రిందికి త్రోయును; ఇది మూడవది. నాలుగవమాఱు పిస్టను పైకెక్కుచు పొగను వెడలగొట్టును. ఈ నాలుగు పనుల క్రమముతో ఇంజనును 1876 లో జర్మనీ దేశస్థుడు నికొలస్ ఆటో నడిపి చూపినాడు. నేటికిని పెట్రోలు కార్లు ఆ క్రమమునే పాటించుచున్నవి.

నాలుగు పోకలనగా క్రాంకుషాఫ్టు రెండు చుట్లు. ఈ రెండు చుట్లలో బలమిచ్చునది యొక్క పోకయే. తక్కిన మూడును బలమును తినునవే. ఒకే సిలిండరున్న బండి అందుచేతనే దడదడలాడును. నాలుగు సిలిండర్లున్నచో ఒకటి మండునపుడు ఒకటి అదుముచుండును, ఒకటి పీల్చుచుండును, ఒకటి పొగ విడుచుచుండును. క్రాంకుషాఫ్టు అరచుట్టు తిరిగిన ప్రతిమాఱు ఎవరో యొకరు బలమిచ్చుచునే యుందురు.

అయితే వీని వంతు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరుసగా రాదు. క్రాంకుషాఫ్టు వంకరలు చేసిన తీరునుబట్టి మొదటి పిస్టనును నాలుగవదియు కలసి ఎక్కి దిగును. రెండవది, మూడవది కలసి ఎక్కి దిగును. కావున సాధారణముగా ఒకటి, మూడు, నాలుగు, రెండు అను క్రమమున మండును. ఒకే రోటిలో నలుగురు ఆడవారు రోకళ్ళతో దంచునపుడు ఎవరి పోటు ఎప్పుడు పడవలెనో ముందే కుదిరియుండును. ఆ వంతు తప్పెనా, రోకలికి రోకలి తగిలి చేతులదరును. ఈ మాటను గుర్తుంచుకొనుడు. ముందు దీనితో పనియున్నది.

హెడ్డు, వాల్వులు, తలపైని క్యాంషాఫ్టు

బ్లాకుమీద మూతవలె కూర్చుండునది హెడ్డు. ఈ రెంటినడుమ గాస్కెట్టు అను పలుచని రేకును పఱచుదురు. మంటను, నీటిని, నూనెను ఒకదానితోనొకటి కలియకుండ విడదీయునది యిదియే. హెడ్డు బోల్టులను ఇచ్చవచ్చినట్లు బిగింపరాదు. అప్పడమును నడుమనుండి అంచులకు ఒత్తినట్లు, నడిమి బోల్టులతో మొదలుపెట్టి ఇరువైపులకును పోవుచు, రెండు మూడు విడతలుగా, కొలిచిన బలముతో బిగింపవలెను. లేనిచో హెడ్డు వంగి గాస్కెట్టు కాలిపోవును.

ప్రతి సిలిండరు తలమీద హెడ్డులో తక్కువలో తక్కువగా రెండు ద్వారములుండును. ఒకటి గాలి వచ్చుటకు, ఒకటి పొగ పోవుటకు. వానికి తలుపులే వాల్వులు. పొడవైన సన్నని కాడమీద గొడుగువలె పఱచుకొన్న ఉక్కుబిళ్ళ యొక్కొక్క వాల్వు. బలమైన స్ప్రింగు దానిని ఎల్లప్పుడు మూసిపట్టియుంచును. తెఱచుకొనునపుడు మాత్రము అది సిలిండరు లోపలికి, పిస్టను వైపునకు దిగును.

దానిని దించునది క్యాంషాఫ్టు. ఇదియొక నిడుపాటి కడ్డీ. దానిమీద కోడిగ్రుడ్డు ఆకారమున బొడిపెలుండును. కడ్డీ తిరుగుచు బొడిపెకొన వచ్చినపుడు వాల్వు నొక్కబడి తెఱచుకొనును. కొన దాటిపోగానే స్ప్రింగు దానిని మూయును. ఏ బొడిపె ఏ దిక్కునకు తిరిగియున్నదో దానినిబట్టి ఏ వాల్వు ఎప్పుడు తెఱవవలెనో నిర్ణయమగును.

పూర్వపు కార్లలో, ఉదాహరణమునకు ఉత్తరపారాలో 2014 వరకు తయారైన అంబాసిడరుయొక్క తొలినాళ్ళ 1489 సీసీ పెట్రోలు ఇంజనులో, క్యాంషాఫ్టు క్రింద బ్లాకులోనుండెడిది. అచ్చటనుండి పొడవైన కడ్డీలు పైకి పోయి వాల్వులను నొక్కెడివి. ఇది గడకఱ్ఱతో చెట్టుమీది మామిడికాయను కోయుటవంటిది. పని జరుగునుగాని, వేగము పెంచిన గడ ఊగును, గుఱి తప్పును. క్యాంషాఫ్టునే పైకెత్తి హెడ్డులో వాల్వులమీద నమర్చినచో చెట్టెక్కి చేతితో కోసినట్లగును. నడుమనుండు బరువు తగ్గును. ఇంజను ఎక్కువ వేగముగా తిరుగగలదు. దీనినే ఓవర్‌హెడ్ క్యాంషాఫ్టు పద్ధతియందురు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800 లో మూడు సిలిండర్లతోను, 1990 లో వచ్చిన మారుతీ 1000 లో నాలుగు సిలిండర్లతోను ఉన్నది యీ పద్ధతియే.

ఉక్కు వంగుటకు కారణము

ఇప్పుడు నెల్లూరు సోదరి ప్రశ్నకు వచ్చితిమి. క్యాంషాఫ్టును పైకెత్తినంతనే యొక చిక్కు పుట్టినది. తిరుగు బలము క్రింద క్రాంకుషాఫ్టులో నున్నది. తిరుగవలసిన క్యాంషాఫ్టు పైనున్నది. రెంటికిని బంధము కావలెను. ఆ బంధమునకు ఇంజను ముందుభాగమున పండ్లుగల చక్రములను అమర్చి, వానిమీద ఉక్కు గొలుసునుగాని, పండ్లుగల రబ్బరు బెల్టునుగాని వేసినారు. అమ్మకమునకై తయారైన కార్లలో పండ్ల బెల్టును మొట్టమొదట వాడినది జర్మనీలోని గ్లాస్ కంపెనీవారు, 1962 లో తమ 1004 అను కారునందు. అది చప్పుడు చేయదు, నూనె కోరదు, వెలయు తక్కువ. కావున పెక్కు కంపెనీలు దానిని అనుసరించినవి.

పై చక్రమునకు క్రింది చక్రమునకు రెట్టింపు పండ్లుండును. అందువలన క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరిగిన క్యాంషాఫ్టు ఒక్క చుట్టు తిరుగును. నాలుగు పోకలకు వాల్వులు ఒక్కొక్కమాఱే తెఱవవలెను గనుక ఈ లెక్క. ఇంజను కట్టునపుడు రెండు చక్రములమీదను చెక్కిన గుర్తులు సరిగా నిలుచునట్లు చూచి అటుపిమ్మట బెల్టు వేయుదురు. ఒక్క పన్ను తప్పినను ఇంజను సరిగా నడువదు.

కారు రహదారిమీద పోవునపుడు ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అనగా ఒక్కొక్క వాల్వు సెకనునకు 25 మార్లు తెఱచి మూయబడుచున్నది. గంట ప్రయాణములో 90,000 మార్లు. ప్రతిమాఱును వాల్వు లోపలికి దిగి, పిస్టను పైకి వచ్చి తగులక మునుపే మూసికొనవలెను. గాలిని గట్టిగా అదుముటకై పిస్టనుపైని చోటు చాల కొంచెముగా నుంచినారు. గాలి ధారాళముగా వచ్చుటకై వాల్వులు లోతుగా దిగునట్లు చేసినారు. ఒకే చోటును ఇద్దరును వంతులవారీగా వాడుకొనుచున్నారన్నమాట. ఆ వంతును కాపాడునది ఆ బెల్టు ఒక్కటే.

అది తెగినచో ఏమగును? పైన క్యాంషాఫ్టు ఎక్కడిదక్కడ నిలిచిపోవును. ఏదో కొన్ని వాల్వులు తెఱచుకొని లోపలికి వ్రేలాడుచునే యుండును. క్రింద క్రాంకుషాఫ్టు మాత్రము ఆగదు. ఫ్లైవీలు వేగమును, కారు చక్రముల పరుగును దానిని ఇంకను త్రిప్పుచుండును. పిస్టను పైకి వచ్చి, వ్రేలాడు వాల్వును క్రిందనుండి గ్రుద్దును. సన్నని కాడ వంగును. ఒక్కొక్కప్పుడు పిస్టనే పగులును. కుట్టుమిషనులో పైనుండి సూది దిగుటయు, క్రింద కొక్కెము తిరుగుటయు వంతుగా జరుగవలెను. ఆ వంతు చెడినపుడు కొక్కెము సూదిని కొట్టి విఱుగగొట్టుటను మనలో కుట్టుపనిచేయువారందఱు చూచినవారమే. నేటి కుట్టుమిషనులలో పెక్కింట పై యిరుసును క్రింది యిరుసును కలుపునది సరిగా ఇట్టి పండ్ల బెల్టే.

కావున సోదరీ! రబ్బరు తెగిన ఉక్కు వంగుట సత్యమే. మేస్త్రి చెప్పినది జరుగదగిన సంగతియే. అయితే అన్ని యింజనులలోను ఇట్లు జరుగదు. కొన్నిటిలో వాల్వు పూర్తిగా తెఱచియున్నను పిస్టను దానిని అందుకొనదు. అట్టివానిలో క్రొత్త బెల్టు వేసిన చాలును. మీ ఇంజను ఏ తెగకు చెందినదో కంపెనీ సర్వీసు స్థలమున అడిగి తెలిసికొనుడు. హెడ్డు దింపిన పిమ్మట వంగిన వాల్వులను చూపుమని మేస్త్రిని అడుగుడు. వాల్వును చదునైన అద్దముమీద దొర్లించిన వంకర కంటికే కనబడును. మార్చిన పాత సామానును మీకే యిమ్మని ముందుగానే చెప్పియుంచుడు. నిజాయితీగల మేస్త్రి దీనికి కోపగింపడు. తన మాట నమ్ముటకు సాక్ష్యము దొరకినదని సంతోషించును.

బెల్టుకు ఆయువు కలదు. కార్లనుబట్టి సాధారణముగా 60,000 నుండి 1,00,000 కిలోమీటర్ల నడుమ మార్చవలెనని చెప్పుదురు. కారు తిరుగక యింటనేయున్నను రబ్బరు పాతబడును గనుక ఏండ్ల లెక్కయు పెట్టుదురు. మీ కారుతో వచ్చిన పుస్తకములో నున్న లెక్కయే మీకు ప్రమాణము. పాతకారు కొన్నవారికి బెల్టు ఎప్పుడు మార్చినదియు తెలిపెడి రసీదు లేనిచో, వెంటనే మార్పించుటయే క్షేమము. దానితోకూడ దానిని బిగించియుంచు చిన్నచక్రమును, కొన్ని కార్లలో దానిచేతనే తిరుగు నీటిపంపును చూపింపవలెను; విప్పిన కూలి యెట్లును ఒక్కటియే. గొలుసుగల యింజనులు ఎక్కువకాలము వచ్చును. అయినను గొలుసు నూనెతో బ్రదుకునది. నూనె మార్చక యుపేక్షించిన అది వదులై గలగలలాడును.

నూనె, నీరు

మంట మండునపుడు సిలిండరులోపల వేడి 2,000 సెంటీగ్రేడు డిగ్రీలను మించును. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. అయినను పిస్టను కరగదు. మంట క్షణములో వంతుమాత్రమే యుండును. దాని వేడి రింగులద్వారా గోడకు, గోడనుండి నీటికి పోవును. క్రిందనుండి నూనె చల్లబఱచును. నీరు ఇంచుమించు 90 డిగ్రీల వేడిమీద రేడియేటరునకు పోయి గాలికి చల్లబడి మరల వచ్చును. ఈ నీరుగాని నూనెగాని లోపించినచో పోతపోసినవారి నేర్పు, తొలచినవారి నేర్పు అంతయు అరగంటలో బూడిదయగును.

కావున ఇంటివారు ఎఱుగవలసిన గుర్తులు కొన్ని కలవు. ఎదుట పలకమీద నూనెకుండ బొమ్మగల ఎఱ్ఱదీపము, నడుచుచుండగా వెలిగినచో, "ఇంకొక ఊరు దాటి చూతము" అనక వెంటనే కారును ప్రక్కకాపి ఇంజనును కట్టివేయవలెను. వేడి చూపు ముల్లు ఎఱ్ఱగీతకు చేఱినను అట్లే. వేడిగానున్న రేడియేటరు మూతను ఎన్నడును విప్పరాదు. లోపలి నీరు ఆవిరియై ముఖమునకు చిమ్మి ప్రమాదము తెచ్చును. నూనె పోయు మూతక్రింద మజ్జిగనురుగువంటి తెల్లని జిడ్డు ఎక్కువగా కనబడినచో నూనెలో నీరు కలియుచున్నదేమోయని, గాస్కెట్టును చూపింపవలెను. వెనుక గొట్టమున నీలిపొగ నూనె మండుటకును, నల్లపొగ పెట్రోలు మితిమీఱుటకును, ఇంజను వేడెక్కిన పిమ్మటగూడ మానని దట్టమైన తెల్లపొగ నీరు మంటలోనికి దిగుటకును గుర్తులు.

షెడ్డు మాటలలో మఱియొకటి: "ట్యాపెట్లు సెట్టు చేయవలెను." క్యాంషాఫ్టు బొడిపెకును వాల్వు కాడకును నడుమ మిల్లీమీటరులో కొద్దిపాటి వంతు సందు విడువవలెను. వేడికి కాడ సాగినపుడు వాల్వు పూర్తిగా మూసికొనుటకు ఆ సందు అవసరము. సందు ఎక్కువైన టకటక చప్పుడగును. తక్కువైన వాల్వు మూతపడక కాలిపోవును. కొన్ని యింజనులలో నూనె ఒత్తిడిచేతనే ఈ సందు తనంతట సరిపడును. అట్టివానికి ఈ పని యుండదు. లెక్కలో నీ మాట కనబడినచో, మన యింజనుకు ఆ పని కలదా యని యడుగుట మన హక్కు.

ఇది మన పనియే

ఇంజనుతో ఆడవారికేమి పనియని యడుగువారు నేటికిని కలరు. వారికి మేము చెప్పునది యొక చరిత్ర. కార్ల్ బెంజు తన మూడుచక్రముల మోటారుబండిని నిర్మించి 1886 లో దానికి హక్కుపత్రము పొందినాడు. జనులు దానిని నమ్మి కొనలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజు, భర్తకు చెప్పకయే, ఇద్దఱు కుమారులను వెంటబెట్టుకొని మన్‌హైమునుండి ఫోర్జ్‌హైములోని తన పుట్టినింటికి ఆ బండిని నడుపుకొనిపోయినది. నూఱు కిలోమీటర్లకు మించిన దూరము. త్రోవలో ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా టోపీకి గ్రుచ్చుకొను సూదితో పొడిచి శుభ్రపఱచినది. నిప్పురవ్వనిచ్చు తీగ రాచుకొనగా మేజోడు కట్టుతో దానిని చుట్టినది. ఇంధనము తక్కువకాగా వీస్లోక్ అను ఊరి మందులంగడిలో కొన్నది. ఏ గొట్టము దేనికో, ఏ తీగ యెచ్చటికి పోవునో ఎఱిగియుండుటచేతనే ఆమె చేతిలోని సూది పనికివచ్చినది. ఆ ప్రయాణముతో బండి నమ్మదగినదని లోకమునకు తెలిసినది.

నేడు విద్యుత్తుతో నడుచు కార్లు వచ్చుచున్నవి. వానిలో పిస్టను లేదు, వాల్వు లేదు, బెల్టు చిక్కును లేదు. అయినను మన వీథులలోను ముంగిళ్ళలోను ఉన్న కార్లలో పెక్కింటికి ఇంకను గుండె యీ యింజనే. వాని ఖర్చు మన యింటి లెక్కలోనిదే. అందు ప్రయాణము చేయువారు మన పిల్లలే.

కావున సోదరీమణులారా! ఈ వారములోనే యొక పని చేయుడు. కారును చదునైన చోట నిలిపి, ఇంజను చల్లారిన పిమ్మట నూనె కొలతకడ్డీని తీసి, తుడిచి, మరల ముంచి, నూనె రెండు గీతలనడుమ నున్నదో లేదో చూడుడు. రేడియేటరు ప్రక్కనున్న డబ్బాలో నీటిమట్టము చూడుడు. కారు పుస్తకము తెఱచి, మీ ఇంజనుకున్నది బెల్టా గొలుసా, బెల్టయిన ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని యేండ్లకు మార్చవలెనో చూచి, ఆ తేదీని చాకలిపద్దు, పాలపద్దు వ్రాసికొను పుస్తకములోనే వ్రాసికొనుడు. నెల్లూరు సోదరి యింట మరల అట్టి నష్టము రాకుండుటకును, మీ యింట అసలే రాకుండుటకును ఆ యొక్క పంక్తి చాలును.

వచ్చు నెలలో బ్రేకులనుగూర్చి వ్రాయుదుము.